సీయోను నలుగురికి శ్రుతి

ఈ ఎండాకాలం మా ఇంట్లో వారానికి నాలుగు మధ్యాహ్నాలు ఫ్యాను తిరగలేదు. కరెంటు పోయి కాదు. ఫ్యాను తిరిగితే దాని రొద చెవిలో పడి పాట శ్రుతి జారిపోతుందట. ఫ్యాను ఒక్కటే అయితే పోనీలే అనుకుందును. ఫ్రిజ్ కూడా గుర్రుమంటోందని దాని ప్లగ్గు పీకేశారు. చిత్తూరులో, మే నెలలో, కిటికీ తలుపులన్నీ మూసుకుని, అరవై దాటిన నలుగురు మగవాళ్లు మా హాల్లో నిలబడి చెమటలు కక్కుతూ దేవుణ్ణి స్తుతించారు. వాళ్లు స్తుతించిన ప్రతిరోజూ నా పాలు విరిగాయి.

వాళ్ల పేరు సీయోను నలుగురు. ముప్పై ఏళ్ల కిందట చిత్తూరు, తిరుపతి, మదనపల్లె వైపు క్రైస్తవుల ఇళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. హార్మోనియం లేదు, తబలా లేదు, గిటారు లేదు. నాలుగు గొంతులు, అంతే. పై గొంతు సుకుమార్. నడిమి గొంతులు హరినాథ్, మునిచంద్ర. అట్టడుగు గొంతు మా ఆయన రాజారత్నం. తర్వాత సుకుమార్ తిరుపతికి వెళ్లి సొంతంగా ప్రార్థనామందిరం పెట్టుకుని యూట్యూబ్‌లో బ్రదర్ సుకుమార్ అయిపోయాడు. హరినాథ్ బడిపంతులుగా రిటైరయ్యాడు. మునిచంద్ర పలమనేరులో ఆవులు పెంచుకుంటున్నాడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా ఆ గొంతుతో "పలమనేరు, పలమనేరు" అని అరిచి అరిచి రిటైరయ్యాడు.

ఈస్టరు అయిన వారానికి సుకుమార్ ఫోన్ చేశాడు. మళ్లీ నలుగురూ కలిసి పాడాలట, మే ఆఖరి శనివారం తిరుపతిలో హాలు మాట్లాడేశాడట. మా ఆయన ఫోన్ పెట్టేసి చొక్కా బొత్తాలు సరిచేసుకున్నాడు, అప్పుడే స్టేజీ ఎక్కబోతున్నట్టు. ఆ మొహంలో సంబరం చూసి నేను నోరు మూసుకున్నాను.

నలుగురని పేరే గానీ, ఐదోదాన్ని నేను.

ఆ సంగతి చెప్పాలి. మా నాయన మిషన్ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. నేను నడక నేర్చింది ఆ తొక్కుడు పెట్టె పక్కనే. అందుకేనేమో, ఏ స్వరమైనా నా చెవిలో అట్టే నిలిచిపోతుంది. ఏ పెట్టె తోడూ లేకుండా అడిగిన స్వరం అడిగినట్టు ఇవ్వగలను. ఒకసారి పుత్తూరు ప్రార్థన కూటాల్లో సుకుమార్ తన శ్రుతి పీక, ఊదితే పాట మొదలయ్యే స్వరం చెప్పేది, బస్సులో పోగొట్టుకున్నాడు. స్టేజీ ఎక్కాక జేబులు తడుముకుంటూ తెల్లమొహం వేశాడు. నాకు పెళ్లికి ఇంకా ఏడాది ఉంది. తెర వెనక నిలబడి చూస్తున్నదాన్ని, ఉండబట్టలేక, పెదాలు విప్పకుండా సన్నగా "మ్‌మ్" అని స్వరం అందించాను. నలుగురూ దాన్ని పట్టుకుని ఒక్కసారిగా ఎత్తుకున్నారు. పీక లేదు, పెట్టె లేదు, నాలుగు గొంతులూ ఒకేచోట నిలబడేసరికి జనం నోళ్లు తెరిచారు.

పాట అయ్యాక సుకుమార్ చెయ్యి పైకెత్తి, "మాకు శ్రుతి మనుషులు ఇయ్యరు, ప్రియులారా! దేవుడే ఇస్తాడు!" అన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్లు, ప్రభువు నన్ను క్షమించాలి, ఆ దేవుణ్ణి నేనే. ప్రతి కూటంలోనూ తెర వెనక, కుర్చీలు పేర్చిన మూలల్లో, దోమలు కుట్టించుకుంటూ నిలబడ్డాను. పెళ్లయినా నిలబడ్డాను, కడుపుతో ఉన్నా నిలబడ్డాను. ఆడమనిషి నలుగురు మగవాళ్ల పక్కన నిలబడి పాడితే పెద్దలు ఒప్పుకోరని సుకుమార్ చెబితే నమ్మాను. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకది గొప్పగా కూడా ఉండేది. అసలు ఆ పెద్దల్ని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నా బుర్రకి తట్టడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

సరే, రిహార్సలు మొదటిరోజు. సుకుమార్ తెల్ల కారులో, తెల్ల జుబ్బాలో దిగాడు. ఫ్యాను ఆపి పావుగంట కాలేదు, తలకి వేసిన నల్లరంగు చెమటలో కరిగి చెవుల మీదికి కారడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఆయనకి ఎవరూ ఏదీ చెప్పరు, అదే ఆయన రోగం. హరినాథ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు, మునిచంద్ర తెచ్చిన పాలకోవా తనే తింటూ నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలోంచి స్వరం ఇచ్చాను.

వాళ్ల పేరు నిలబెట్టిన పాట ఒకటుంది, "దించితి నా భారం నీ పాదాల కాడ" అని. రెండో చరణంలో సుకుమార్ గొంతు గోపురమెక్కినట్టు పైకి పోతుంది. ఆఖరి లైనులో ముగ్గురూ ఆగిపోతారు. మా ఆయన ఒక్కడే "దించితి, దించితి" అంటూ మెట్టు మెట్టుగా దిగి అట్టడుగున ఆగుతాడు. ఆ రోజుల్లో ఆ అడుగు స్వరం కోసమే పల్లెల నుంచి ఎడ్లబండ్లలో వచ్చేవాళ్లు. ఆ స్వరం పలికితే కూర్చున్న బెంచీ అదిరేది.

మూడేళ్ల కింద మా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. మాట్లాడే గొంతు తిరిగొచ్చింది గానీ, ఆ అడుగునున్న రెండు మెట్లూ పోయాయి. మొదటిరోజు "దించితి" అంటూ దిగి, అడుక్కి చేరేసరికి, అడుగంటిన కుండలో చెంబు గీసుకున్నట్టు ఉట్టి గాలి చప్పుడే వచ్చింది. ఇంకోసారి దిగాడు. అదే చప్పుడు. మూడోసారి దిగుతుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

వారం చూసి సుకుమార్ తేల్చేశాడు. టీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"రాజారత్నం, నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దప్పా. ఆ కడాపటి లైను నేను మిందకి తీసి ముగిస్తా. నువ్వు నా పక్కనే నిలబడు. నోరు కదిలిస్తే సాలు. జనానికేం తెలుస్తాది?"

"సరేప్పా" అన్నాడు మా ఆయన.

సరేప్పా అంటాడా! నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి కాలరు పట్టుకుని దించిన మనిషి, సొంత గొంతు లాక్కుంటుంటే గంగిరెద్దులా తలూపాడు. వాళ్లు వెళ్లాక నాలుగు మాటలు అనేశాను.

"నీకు సిగ్గనిపించలేదా? నోరు కదిలించేదానికి తిరుపతి దాకా పోవాల్నా?"

"ఏం జేయమంటావు? పలకలేదు కదా నాకి."

అంతే అన్నాడు. మర్నాడు పొద్దున బాత్‌రూములో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ముప్పై ఏళ్లుగా ఈ మనిషి పాడకుండా స్నానం చేసింది లేదు. ఆపరేషన్ అయిన నెలకి కూడా, కుట్లు పట్టుకుని పాడాడు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. బకెట్టు, చెంబు, నీళ్లు. నాకు భయమేసింది. ఇతను ఇంక పాడడేమో అనిపించింది.

నాలుగోరోజు పొద్దున బెంగళూరా మామిడికాయలు ఆవకాయకి తరుగుతున్నాను. ఆయన కాఫీకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను కత్తిపీట మీదనుంచి లేవకుండానే, "మ్‌మ్" అని స్వరం ఇచ్చి, "ఈడనుంచి దిగు" అన్నాను.

"ఒద్దులే."

"దిగమంటా ఉండానా?"

దిగాడు. ఇష్టం లేకుండానే, గోడవైపు చూస్తూ దిగాడు. దించితి, దించితి, దించితి. అడుక్కి వచ్చేసరికి గిన్నెలస్టాండులో స్టీలు పళ్లెం ఒకటి జిర్రుమంది. ఆయన ఉలిక్కిపడి నావైపు తిరిగాడు.

"యాడనుంచి వచ్చె ఇది?"

"రెండు మెట్లు మిందకి పెట్టినా. పాట రెండు మెట్లు పైకి జరిగితే నీ అడుగూ రెండు మెట్లు పైకి వస్తాది. ఇంతే కదా, దీనికి ఇంత ఏడుపెందుకు?"

మళ్లీ దిగాడు. మళ్లీ పళ్లెం మోగింది. అరవై రెండేళ్ల మనిషి కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆరుసార్లు దిగాడు. నేను కాయలు తరుగుతూనే ఉన్నాను, తల ఎత్తితే నా మొహం కనబడుతుందని.

ఆ మధ్యాహ్నం సుకుమార్‌కి చెప్పాను. రెండు మెట్లు పెంచితే రాజారత్నం లైను రాజారత్నమే పాడుకుంటాడు, ఎవరూ నోరు ఊరికే కదిలించాల్సిన పని లేదు అని. సుకుమార్ కళ్లు మూసుకున్నాడు. యూట్యూబ్‌లో ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే అట్లాగే మూసుకుంటాడు.

"రూతమ్మా, ఆ పాటకి ఆ సురుతి ప్రభువిచ్చింది. దాన్ని మార్చేదానికి మనమెవరం?"

"ప్రభువు కాదన్నా. పుత్తూరులో నేనిచ్చింది."

మునిచంద్రకి పాలకోవా గొంతుకి అడ్డం పడింది. సుకుమార్ మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు.

"కుటుంబం వేరు, దేవుని పరిచర్య వేరమ్మా. నీ భర్త మింద నీకుండే ప్రేమ నాకర్థమయ్యింది."

పరిచర్యా పాడా! రెండో చరణంలో ఆ పైస్వరం దగ్గర ఆయన మెడనరాలు ఎట్లా ఉబ్బుతున్నాయో అందరమూ చూస్తూనే ఉన్నాం. ఉన్న శ్రుతికే కాలివేళ్ల మీద లేచి అందుకుంటున్నాడు. రెండు మెట్లు పెంచితే ఆయన బండారం బయటపడుతుంది. ఆ సంగతి హరినాథ్‌కి తెలుసు, మునిచంద్రకి తెలుసు, మా ఆయనకీ తెలుసు. ఒక్కడూ నోరు మెదపలేదు. నలుగురు మగాళ్లట! నాలుగు గొంతులట!

పోతూ పోతూ సుకుమార్ గుమ్మంలో ఆగాడు.

"ఎప్పటిమాదిరే తెర వెనకాల ఉంటావు కదా రూతమ్మా? ఎడంపక్క. మా వేడినీళ్ల ఫ్లాస్కు కూడా నీ దగ్గరే పెట్టిస్తా."

"ఉంటానన్నా" అన్నాను.

మా ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఫ్రిజ్ ప్లగ్గు పెట్టడానికి వెళ్లిపోయాను.

మే ఆఖరి శనివారం సాయంత్రం నాలుగు గంటలకి తిరుపతిలో ఆ ఏసీ హాలు నిండిపోయింది. ఊరికే అనకూడదు, జనం ప్రేమగానే వచ్చారు. పాత క్యాసెట్లు సంచుల్లో పెట్టుకుని, వాటి అట్టల మీద సంతకాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక ముసలావిడ తన భర్త సమాధి దగ్గర ఈ పాటే పాడించానని మా ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఆ కడాకి దిగుతావే నాయనా, ఆడ ఏడుపొస్తాది నాకి" అంది. మా ఆయన ఏం చెప్తాడు? ఈసారి దిగను, నోరు మాత్రం ఆడిస్తానని చెప్తాడా?

స్టేజీ మీద ఇంత పొడుగు బ్యానరు. నాలుగు మొహాలు. సుకుమార్ మొహం మిగతా మూడూ కలిపినంత. కింద "వాద్యం లేదు, శ్రుతి దేవునిదే" అని ఎర్రక్షరాలు. శాలువాలు కప్పుకోవడానికి ముప్పావుగంట పట్టింది. ఎవరెవరో ఎవరెవరికో కప్పారు. నేను ఎడంపక్క తెర వెనక, విరిగిన కుర్చీలకీ స్పీకరు వైర్లకీ మధ్య, ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. నాలుగడుగుల దూరంలో మా ఆయన వీపు.

సుకుమార్ మైకు ముందుకొచ్చాడు.

"ముప్పై ఏళ్ల కింద ఎట్లనో, ఇప్పుడూ అట్లనే, ప్రియులారా. మా దగ్గర పీక లేదు, పెట్టె లేదు, సెల్లుఫోను లేదు. కన్నులు మూసుకోండి. ఆ మొదటి స్వరం యాడనుంచి వస్తాదో మీరే వినండి. అది మార్చేదానికి మా చేతుల్లో లేదు. ఆయన ఎట్లిస్తే అట్లనే పాడతాం!"

ఆమేన్ అంది హాలంతా. ఆయన చెయ్యి పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. వెయ్యిమంది కళ్లు మూసుకున్నారు.

నేను నోరు విప్పకుండా స్వరం ఇచ్చాను.

హరినాథ్ కనుబొమలు కొంచెం కదిలాయి. మా ఆయన వీపు నిటారైంది, తల మాత్రం తిప్పలేదు. పాట మొదలైంది.

మొదటి చరణం బాగానే నడిచింది. సుకుమార్‌కి ఎక్కడో తేడా కొడుతున్నట్టుంది, ఓరకంట తెరవైపు చూశాడు. ఆపి మళ్లీ మొదలుపెడదామంటే ఎట్లా? ఇప్పుడే కదా వెయ్యిమంది ముందర "ఆయన ఎట్లిస్తే అట్లనే" అన్నాడు! రెండో చరణానికి వచ్చేసరికి ఆయన మెడనరాలు తాళ్లలా లేచాయి. కాలివేళ్ల మీద లేచాడు, అందలేదు. చెయ్యి ఎత్తాడు, అందలేదు. ఆ పైస్వరం దగ్గర గొంతు చీలి, కాలికింద పడ్డ కోడిపెట్ట అరుపులాంటిది ఒకటి మైకులోంచి హాలంతా పోయింది. ముందువరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. పాట పాడైందని బాధ లేదా అంటే ఉంది. అది నాకు ఇష్టమైన పాట. అయినా నవ్వొచ్చింది, దాచుకోను.

ఆఖరి లైను వచ్చింది. హరినాథ్, మునిచంద్ర ఆగారు. దాన్ని పైకి తీసి ముగించాల్సిన సుకుమార్ ఛాతీనిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. దగ్గు వచ్చింది.

ఆ దగ్గు వెనకనుంచి మా ఆయన దిగాడు. తొందరపడలేదు. దించితి అని ఒక మెట్టు, దించితి అని ఇంకో మెట్టు. అడుక్కి చేరి అక్కడ ఆగాడు, ఆగి ఊపిరి ఉన్నంతసేపూ నిలబెట్టాడు. నా చేతిలో ఫ్లాస్కు మూత సన్నగా జిర్రుమంది. తెరసందులోంచి చూస్తే నాయుడుపేట ముసలావిడ కొంగుతో మొహం మూసుకుని ఉంది. నాకూ ఏడుపొచ్చింది. వెక్కుళ్లు బయటికి వినబడతాయేమోనని తెరగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. దుమ్ము కంపు కొట్టింది అది.

చప్పట్లు ఇంకా ఆగలేదు. వేడినీళ్ల కోసమన్నట్టు సుకుమార్ తెర వెనక్కి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"ఎంత మిందకిచ్చినావు రూతమ్మా?" బుసలు కొట్టినట్టు అడిగాడు.

"నేనిచ్చిందేముందన్నా? ఇచ్చేది దేవుడు కదా."

"తర్వాత పాటకి సరిగ్గా ఇయ్యి. నీకు పుణ్యముంటాది."

"ఇస్తా. రూతు ఇస్తా ఉండాది అని మైకులో చెప్పు. నువ్వడిగిన మెట్టు మిందనే ఇస్తా."

ఆయన నన్ను చూశాడు. ఫ్లాస్కుని చూశాడు. నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. రెండో పాటకి ముందు కళ్లు మూసుకోమని ఎవరికీ చెప్పలేదు. జుబ్బా జేబులోంచి సెల్‌ఫోను తీసి, ఏదో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి తీసుకున్నాడు. "శ్రుతి దేవునిదే" అన్న ఎర్రక్షరాల కింద నిలబడి! ఆ పెదాల మీద చిరునవ్వు మాత్రం చెక్కుచెదరలేదు, అంత సిగ్గులేని మొహం నేను ఇంకెవరికీ చూడలేదు.

నేను ఫ్లాస్కుని విరిగిన కుర్చీ మీద పెట్టేసి, పక్క తలుపులోంచి హాల్లోకి వెళ్లి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. సీయోను నలుగురిని స్టేజీ మీద ముందరనుంచి చూడటం నాకు అదే మొదటిసారి. మా ఆయన చొక్కా కాలరు ఒకపక్క మడత పడి ఉంది. తెర వెనకనుంచి చూస్తే అది తెలియదు.

ఆరున్నర చిత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు చంద్రగిరి దాటింది. కోట వెనక కొండమీద ఇంకా కాస్త వెలుగుంది.

"సెప్టెంబరులో పలమనేరులో కూటం పెడతానంటా ఉండాడు మునిచంద్ర" అన్నాడు మా ఆయన. "తెర కట్టొద్దని చెప్పినా."

"తెర లేకుంటే నేను యాడ నిలబడాల?"

"నా పక్కన."

"మీ నలుగురి పక్కన నిలబడేదానికి నాకేం ఖర్మ పట్టింది?" అన్నాను. కానీ ఆ మాటకి నా గొంతే జారింది. జారిందని ఆయనకి తెలిసింది కూడా. కిటికీవైపు తిరిగి, తిరుగుతూనే అడిగాడు.

"మూడు కదా?"

"ఏంది?"

"మెట్లు. నువ్వు మోగించిన వెంటనే తెలిసిపోయినాది నాకి. వాళ్లకి సైగ చేసి ఆపించి ఉండొచ్చు. ఆపలే."

నేను ఆయన్ని చూశాను. ముప్పై ఏళ్లలో ఈ మనిషి సుకుమార్‌కి ఎదురు చేసిన పని అదొక్కటే. నోరు మూసుకుని చేశాడు, నాలాగే.

"రెండు సాలునే కదా రూతూ" అన్నాడు. "వంటింట్లో రెండుతోనే పలికె."

"నీకు రెండు సాలు" అన్నాను. "ఆ మూడోది నాది."

కండక్టరు టిక్కెట్లు అడుగుతూ మా సీటు దాటిపోయాడు. పాకాల క్రాసు దగ్గర బస్సు ఆగి, ఎవరో దిగి, మళ్లీ కదిలాక ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత పొట్టపట్టుకుని, తర్వాత ఆ అట్టడుగు గొంతుతో. ముందుసీట్లలో వాళ్లందరూ వెనక్కి తిరిగి చూశారు.